ముత్యపు చిప్ప, మైనస్ ఒకటి

గాంధీ అణుబాంబు వేశాడు. కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్లలో ఈ కథ విననివాళ్లు తక్కువ. సిడ్ మైయర్ 1991లో తెచ్చిన 'సివిలైజేషన్' అనే ఆటలో ఒక్కో దేశానికి ఒక్కో నాయకుడు ఉంటాడు. భారతదేశానికి గాంధీ. కథ ప్రకారం ప్రతి నాయకుడికీ దూకుడు ఎంతో ఒక అంకెగా రాసిపెట్టారు. గాంధీకి అందరికంటే తక్కువ, ఒకటి. దేశం ప్రజాస్వామ్యంలోకి మారితే దూకుడు రెండు తగ్గుతుంది. ఒకటిలోంచి రెండు పోతే మైనస్ ఒకటి రావాలి. ఆ అంకెను దాచిన గడిలో మైనస్‌కు తావు లేదు, సున్నా నుంచి 255 వరకే పడుతుంది. దాంతో మైనస్ ఒకటి కాస్తా 255 అయి కూర్చుంది. శాంతి మరీ ముదిరి మహాత్ముడు పక్క దేశాల మీద క్షిపణులు వదలడం మొదలుపెట్టాడు.

కథ అబద్ధం. 2020లో వచ్చిన ఆత్మకథలో సిడ్ మైయరే దీన్ని కొట్టిపారేశాడు. 2010లో వచ్చిన ఐదో ఆటలో మాత్రం గాంధీకి అణ్వస్త్రాల మోజు కావాలనే, సరదాకి, ఎక్కువ పెట్టారు. అది కథకు ఇంకాస్త ఊపిరి పోసింది. కట్టుకథే అయినా ప్రోగ్రామర్లు ఇన్నేళ్లు దాన్ని నమ్మడానికి కారణం ఉంది. అందులో గాంధీ అబద్ధం కావచ్చు గానీ లెక్క అబద్ధం కాదు. ఒకటిలోంచి రెండు తీస్తే 255 వచ్చే చోట్లు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్నాయి.

పుంగనూరుకూ పలమనేరుకూ మధ్య ఉన్న పెద్దపంజాణి లాంటి మండలాల పిల్లలు మదనపల్లె దగ్గర అంగళ్లులోనో, కుప్పంలోనో ఇంజనీరింగ్ చదివి బెంగళూరు బస్సెక్కడం ఇప్పుడు మామూలే. మొదటి సంవత్సరం సి ల్యాబ్‌లోనో, క్యాంపస్ ఇంటర్వ్యూ కోసం పట్టే ప్రశ్నల చిట్టాలోనో వాళ్లకు ఒక ప్రశ్న తగులుతుంది. 'సైజాఫ్ ఇంట్' అనేది మైనస్ ఒకటి కంటే పెద్దదా? సైజాఫ్ ఇంట్ అంటే ఒక పూర్ణసంఖ్యకు పట్టే బైట్ల లెక్క, నాలుగు. మైనస్ ఒకటి కంటే నాలుగు పెద్దదని హైస్కూల్లో అడుగుపెట్టిన పిల్లవాడు కూడా చెబుతాడు. కంప్యూటర్ మాత్రం కాదంటుంది. సైజాఫ్ ఇచ్చేది అన్‌సైన్డ్ సంఖ్య, అంటే మైనస్ లేనిది. దాని పక్కన నిలబడేసరికి మైనస్ ఒకటిని కూడా అన్‌సైన్డ్‌గా మార్చి చదవాలన్నది సి భాష పెట్టుకున్న నియమం. అలా చదివితే అది కోట్లలోకి పోతుంది, నాలుగు దాని ముందు ఆగదు.

ఈ జవాబు బట్టీపట్టి మార్కు తెచ్చుకోవడం తేలిక. ఎందుకిలా అని తవ్వితే మాత్రం దారి తిన్నగా తర్కశాస్త్రంలోకి, అక్కణ్నుంచి వేదాంతంలోకి పోతుంది. పొరపాటు అంటే అసలేమిటి? అది వస్తువులో ఉంటుందా, చూసేవాడిలో ఉంటుందా, ఆ రెండింటిలోనూ లేకుండానే పుట్టుకొస్తుందా? ఈ దేశంలో వెయ్యేళ్లకు పైగా పండితులు ముత్యపు చిప్పను చేత్తో పట్టుకుని వాదించుకున్నది సరిగ్గా ఈ సంగతే.

ముందు వస్తువును దగ్గరగా చూడాలి. ఎనిమిది బిట్లు, ఎనిమిదీ ఒకట్లే. ప్లస్సూ మైనస్సూ రెండూ ఉండే సైన్డ్ సంఖ్యగా చదివితే ఇది మైనస్ ఒకటి. సున్నా నుంచి పైకి మాత్రమే పోయే అన్‌సైన్డ్ సంఖ్యగా చదివితే 255. తేడా అంతా ఎడమ చివరనున్న ఒక్క బిట్ దగ్గరే. ఒక చదువులో దాని విలువ మైనస్ 128, ఇంకో చదువులో ప్లస్ 128. మిగతా ఏడు బిట్ల విలువలు రెండు చదువుల్లోనూ ఒకటే. ముప్పై రెండు బిట్లలోనూ ఒకట్లే ఉంటే ఒక చదువులో మైనస్ ఒకటి, రెండో చదువులో 429,49,67,295. ఆ బిట్లలో ఏ మూలా 'నేను అప్పును' అనో 'నేను ఆస్తిని' అనో రాసి ఉండదు.

ఇది ఇంజనీర్ల నిర్లక్ష్యం కాదు, తెలివి. టూస్ కాంప్లిమెంట్ అనే ఈ పద్ధతిలో కూడికకు ఒకే సర్క్యూట్ సరిపోతుంది. వచ్చినవి ఏ రకం సంఖ్యలో అది అడగనక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్‌లో రెండు పూర్ణసంఖ్యలను పోల్చడానికి వాడే 'సీఎంపీ' అనే ఆజ్ఞ లోపల ఒక తీసివేత చేస్తుంది. ఫలితం ఎలా వచ్చిందో చెప్పే ఫ్లాగులు కొన్ని మార్చి ఊరుకుంటుంది. సైన్డ్‌గా చదివేవాళ్లకు కావలసిన ఫ్లాగులు, అన్‌సైన్డ్‌గా చదివేవాళ్లకు కావలసిన ఫ్లాగు, అన్నీ ఒకేసారి తయారుగా ఉంటాయి. వెనకాలే వచ్చే ఆజ్ఞ 'జేఎల్' అయితే సైన్డ్ చదువు, 'జేబీ' అయితే అన్‌సైన్డ్ చదువు. ఎవరు దేన్ని చూసుకుంటారో ప్రాసెసర్‌కు పట్టదు. వేదాంతులు సాక్షి అని దేన్ని అంటారో దానికి ఇంతకంటే శుభ్రమైన నమూనా దొరకడం కష్టం. కాకపోతే ఈ సాక్షికి చైతన్యం లేదు, అది చిన్న తేడా ఏమీ కాదు.

సంఖ్యకు సొంత గుర్తు లేదంటే పాతకాలపు గణితవేత్తలు ఒప్పుకునేవాళ్లు కారు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనం, ఋణం, సున్నా ఈ మూడింటికీ కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో నియమాలు పెట్టాడు. ఆయన లెక్కలో ఋణం ఎక్కడున్నా ఋణమే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు ఇంకో అడుగు ముందుకేశాడు. గణితసారసంగ్రహంలో ఆయన, ఋణసంఖ్యకు స్వభావం చేతనే వర్గమూలం లేదని తీర్మానించాడు. ఆ గ్రంథాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. సంఖ్యకు స్వభావం ఉంటుందని, అది సంఖ్యను అంటిపెట్టుకునే ఉంటుందని ఆ పండితుల నమ్మకం. బిట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ స్వభావమే కనిపించకుండా పోతుంది.

స్వభావం ఉండదని వాదించినవాడు మన నేల మీదే ఒకడున్నాడు. నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు ఏ వస్తువుకూ సొంత స్వభావం లేదని, ప్రతిదీ వేరేవాటి మీద ఆధారపడే అలా కనిపిస్తుందని మూలమధ్యమకకారికలో పట్టుబట్టి నిరూపించబోయాడు. ఎనిమిది ఒకట్లను చూపిస్తే ఆయన సంతోషించేవాడే. అవి మైనస్ ఒకటీ కావు, 255 కూడా కావు. ప్రోగ్రామర్ ప్రకటించిన టైపు మీద ఆధారపడి ఏదో ఒకటి అవుతాయి. ఇంతవరకు ఆయన శూన్యవాదానికి తిరుగులేదు. అయితే శూన్యవాదం ఇక్కడ సగం పనే చేస్తుంది. బిట్లకు గుర్తు లేదన్న సత్యం వల్ల ఎవరికీ నష్టం రాలేదు. సగం ప్రోగ్రామ్ ఒక చదువు, సగం ప్రోగ్రామ్ ఇంకో చదువు చదివినప్పుడే నష్టం వచ్చింది.

ఆ నష్టం ఎలా వస్తుందో రెండు వరుసల్లో చూడొచ్చు. బయటి నుంచి వచ్చే సమాచారాన్ని దాచుకోవడానికి ప్రోగ్రామ్ నూరు బైట్ల చోటు కేటాయించింది. మొదటి వరుస కాపలా వరుస: పొడవు నూరు కంటే ఎక్కువైతే వెనక్కి పంపెయ్. ఇక్కడ పొడవు సైన్డ్ సంఖ్య. రెండో వరుస పని వరుస: ఆ పొడవున్నంత మేర కాపీ చెయ్. కాపీ చేసే ఫంక్షన్ పొడవును అన్‌సైన్డ్‌గానే తీసుకుంటుంది. ఎవడో ఒకడు పొడవు మైనస్ ఒకటి అని పంపాడు. మైనస్ ఒకటి నూరు కంటే ఎక్కువ కాదు, కాపలా వదిలేసింది. ముప్పై రెండు బిట్ల యంత్రంలో కాపీ వరుస అదే బిట్లను 429 కోట్ల పైచిలుకుగా చదివి, నూరు బైట్ల గది దాటి పక్క గదుల్లోని మెమొరీనంతా తుడిచిపెడుతూ పోయింది.

మదనపల్లె టమాటా మండీ లెక్కల్లో చెప్పుకుంటే, ఒక గుమస్తా రైతు బాకీని ఎర్ర సిరాతోనూ జమను నల్ల సిరాతోనూ రాస్తాడనుకుందాం. ఆ కాగితాన్ని నలుపు-తెలుపు జిరాక్స్ తీసి లోపలి గదికి పంపారు. లోపలి గుమస్తా చదువుకున్నవాడే, నిజాయితీపరుడే, అంకెలు తప్పు చదవలేదు. రంగు మాత్రం దారిలో పోయింది. బాకీ ఉన్న రైతుకు ఎదురు డబ్బు చెల్లించి పంపాడు. ఇద్దరిలో ఎవరిది తప్పని పంచాయితీ పెడితే తేలడం కష్టం.

ఇవి ఊహలు కావు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2002 ఆగస్టులో సరిగ్గా ఈ రకం తప్పు బయటపడింది. నెట్‌వర్క్ అవతలి చిరునామా ఏమిటని అడిగే పిలుపుల్లో పొడవు చోట మైనస్ సంఖ్య ఇస్తే, కాపలా దాటుకుని, ఆ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ తన సొంత మెమొరీని పెద్ద మొత్తంలో అడిగినవాడి చేతిలో పెట్టేసేది.

అంతకంటే చెప్పుకోదగ్గది 2021 జూలైలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు లినక్స్ కెర్నెల్‌లో బయటపెట్టినది. దానికి వాళ్లు 'సికోయా' అని పేరు పెట్టారు. లినక్స్‌లో ఏయే డైరెక్టరీలు ఎక్కడెక్కడ మౌంట్ అయ్యాయో చెప్పే ఒక ఫైలు ఉంటుంది. దాన్ని ఎవరైనా తెరిస్తే కెర్నెల్ అప్పటికప్పుడు ఆ వివరాలు రాసి చూపిస్తుంది. రాయడానికి తీసుకున్న తాత్కాలిక చోటు, అంటే బఫర్, చాలకపోతే దాన్ని రెట్టింపు చేస్తుంది, అదీ చాలకపోతే మళ్లీ రెట్టింపు. బఫర్ పరిమాణం అన్‌సైన్డ్ సంఖ్య, ఎంతైనా పెరగొచ్చు. బఫర్‌లో డైరెక్టరీ దారిని రాసే ఫంక్షన్ మాత్రం ఆ పరిమాణాన్ని మామూలు సైన్డ్ ఇంట్‌గా తీసుకుంటుంది. క్వాలిస్ వాళ్లు ఒకదానిలో ఒకటిగా సుమారు పది లక్షల డైరెక్టరీలు సృష్టించారు. దారి పొడవే ఒక గిగాబైట్ దాటింది. బఫర్ రెట్టింపవుతూ పోయి రెండు గిగాబైట్లకు చేరింది. రెండు గిగాబైట్లంటే 214,74,83,648. ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య దీనికి సరిగ్గా ఒకటి తక్కువ. దాంతో ఇంట్‌గా చదివిన క్షణంలో అది మైనస్ 214,74,83,648 అయింది.

ఇక్కడ ఒక వింత ఉంది. డైరెక్టరీని చెరిపేసి ఉంటే ఆ ఫంక్షన్ దారి చివర 'డిలీటెడ్' అని రాస్తుంది, ముందున్న రెండు గీతలతో, వెనకున్న సున్నాతో కలిపి పది బైట్లు. రాసేముందు మిగిలిన చోటులోంచి పది తీసేసి, ఫలితం సున్నా కంటే తక్కువ అయిందా అని చూసుకుంటుంది. అంటే కాపలా లేకపోలేదు. కానీ ఇంట్‌లో పట్టే అతిచిన్న సంఖ్యలోంచి పది తీస్తే కిందికి పోవడానికి చోటు లేక అది తిరిగి పెద్ద ప్లస్ సంఖ్యగా పైన తేలింది. కాపలా తృప్తిపడింది. 'డిలీటెడ్' అనే ఆ పది బైట్లు బఫర్‌కు రెండు గిగాబైట్ల కింద, ఎవరిదో మెమొరీలో పడ్డాయి. ఆ ఒక్క మాటను సరైన చోట పడేలా చేసి, మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాళ్లు ఉబుంటు, డెబియన్, ఫెడోరా యంత్రాల మీద పూర్తి అధికారం సంపాదించగలిగారు.

దీని వెనక చరిత్ర ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దారి రాసే ఫంక్షన్ పాతది. డైరెక్టరీ దారి రెండు గిగాబైట్లు ఉంటుందని కలగనాల్సిన అవసరం దాన్ని రాసినవాళ్లకు లేదు. అప్పట్లో బఫర్ కూడా అంత పెరిగేది కాదు. 2014 జూలైలో వేరే అవసరం కోసం ఒక సవరణ చేశారు. పెద్ద బఫర్ కావాలంటే మెమొరీని ఇంకో పద్ధతిలో తెచ్చుకునే వీలు కల్పించారు. అదీ సబబైన సవరణే. సబబైన పాత ఫంక్షన్, సబబైన కొత్త సవరణ ఏడేళ్లు పక్కపక్కనే పడి ఉన్నాయి. తప్పు ఏ వరుసలో ఉందని అడిగితే వేలు పెట్టి చూపించడానికి వరుస లేదు.

తర్కపండితులు వాదించుకున్నది ఈ చిక్కు గురించే. సముద్రపు ఒడ్డున నడిచేవాడు మెరుస్తున్న చిప్పను చూసి 'ఇది వెండి' అనుకుని వంగి చేయి చాస్తాడు. అతని బుద్ధిలో ఏం జరిగింది? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులను ఖ్యాతివాదాలంటారు. మండనమిశ్రుడు విభ్రమవివేకం అనే చిన్న గ్రంథాన్ని కేవలం వీటి కోసమే రాశాడు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహంలో భ్రమకు ఉదాహరణగా చిప్పనే పెట్టాడు. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయం, మీమాంస చదివే విద్యార్థులు ఇప్పటికీ ఈ చిప్పతోనే కుస్తీ పడతారు.

న్యాయశాస్త్ర పండితులైన నైయాయికుల మాట సూటిగా ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకటిగా చూడటమే భ్రమ. వెండితనం వేరేచోట నిజంగానే ఉంది, దాన్ని లేనిచోట చూశాడు. దీనికి అన్యథాఖ్యాతి అని పేరు. అన్నంభట్టు చెప్పేదీ ఈ దారిలోనిదే: ఒక గుణం లేనిచోట ఆ గుణంతో కలిపి తెలుసుకోవడం అయథార్థం. ఇక్కడ ఒక తప్పుడు జ్ఞానం ఉందని, అది ఫలానా అని పట్టుకుని చూపించొచ్చు.

ప్రభాకరుడి దారిలో నడిచిన ప్రాభాకర మీమాంసకులు దీన్ని ఒప్పుకోలేదు. వాళ్లు చెప్పింది మొదట వింటే మొండివాదంలా ఉంటుంది: తప్పుడు జ్ఞానం అనేదే లేదు, ప్రతి జ్ఞానమూ తన మటుకు సరైనదే. 'ఇది' అన్నది ప్రత్యక్షం, ఎదురుగా ఏదో మెరుస్తున్న మాట నిజం. 'వెండి' అన్నది స్మృతి, గతంలో వెండిని చూసిన మాటా నిజం. రెండూ కలిసి వచ్చినప్పుడు స్మృతికి అంటుకుని ఉండాల్సిన 'ఇది గుర్తొచ్చింది మాత్రమే' అన్న చీటీ జారిపోయింది. రెండు జ్ఞానాలు వేరని పట్టించుకోకపోవడమే భ్రమ. అదనంగా ఏదో తప్పు పుట్టలేదు, తెలియాల్సిన తేడా ఒకటి తెలియలేదు, అంతే. దీన్నే అఖ్యాతి అన్నారు. చీటీ జారిపోవడాన్ని స్మృతిప్రమోషం అన్నారు.

కాపలా వరుస, కాపీ వరుస పక్కపక్కన పెట్టి చూస్తే ప్రాభాకరుల మొండివాదం ఉన్నట్టుండి ప్రాణం పోసుకుంటుంది. మైనస్ ఒకటి నూరు కంటే ఎక్కువ కాదన్నది నిజం. ఆ బిట్లు అన్‌సైన్డ్‌గా 429 కోట్లన్నదీ నిజం. యంత్రం ఏ ఒక్క అడుగులోనూ అబద్ధం ఆడలేదు. ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పోయేటప్పుడు 'ఇది సైన్డ్' అన్న చీటీ జారిపోయింది. లినక్స్ కెర్నెల్‌లోని రెండు సబబైన ముక్కల కథా ఇదే. కళ్ల ముందు చూపించగల అఖ్యాతి ఇంతకంటే మంచిది దొరకదు.

నైయాయికులు ప్రాభాకరుల మీద వేసిన బలమైన ప్రశ్న ఒకటుంది. తేడా తెలియకపోవడం అనేది ఒక లేమి. లేమి మనిషిని నడిపించగలదా? ఒడ్డున నడిచేవాడు వంగాడు, చేయి చాచాడు. 'ఇది వెండి' అన్న గట్టి నమ్మకం ఒకటి లోపల లేకపోతే నడుం ఎందుకు వంగుతుంది? ఈ ప్రశ్నకు ప్రాభాకరులు చెప్పిన సమాధానం పండితుల్లో చాలామందికి రుచించలేదు, ఆ వాదం వెనకబడిపోవడానికి ఇదీ ఒక కారణం. కంప్యూటర్ దగ్గర మాత్రం ఈ ప్రశ్న చెల్లదు. యంత్రానికి నమ్మకం అనేదే లేదు. 429 కోట్ల బైట్లు కాపీ చేసేయడానికి దానికి ఏ తప్పుడు విశ్వాసమూ అక్కర్లేకపోయింది, చీటీ లేకపోవడం ఒక్కటే చాలింది. ఏడో శతాబ్దంలో ప్రభాకరుడి పక్షాన ఒక నిర్జీవ సాక్ష్యం దొరికి ఉంటే వాదం ఎలా తిరిగేదో.

అలాగని నైయాయికులు ఓడిపోయారనడం తొందరపాటు. యంత్రం వెనక ఒక మనిషి ఉన్నాడు. 'పొడవు కదా, మైనస్ ఎందుకొస్తుంది' అని అతను గట్టిగానే అనుకున్నాడు. అది లేమి కాదు, అసలు సిసలు తప్పుడు జ్ఞానం. యంత్రంలో జరిగినది అఖ్యాతి, ప్రోగ్రామర్‌లో జరిగినది అన్యథాఖ్యాతి అంటే రెండు పక్షాలకూ న్యాయం జరుగుతుంది. ఒకే సంఘటనలో రెండు రకాల భ్రమలు ఒకదాని మీద ఒకటి నడిచే అవకాశం గురించి ఆ పండితులకు ఆలోచించే అవసరం రాలేదు. వాళ్ల చిప్ప దగ్గర ఎప్పుడూ ఒక్క మనిషే ఉన్నాడు.

అద్వైతుల తాడు-పాము ఉపమానం అందరికీ తెలిసినదే గాని ఇక్కడ కాస్త ఇబ్బంది పెడుతుంది. చీకట్లో తాడును చూసి పామనుకుంటారు; దీపం తెస్తే పాము పోతుంది, అది ఎన్నడూ లేదని తేలుతుంది. బగ్ దొరికాక మాత్రం తుడిచిపెట్టుకుపోయిన మెమొరీ తిరిగి రాదు. భ్రమ పోయినా దాని పని మిగిలింది. శంకరుడికి ఈ సంగతి తెలియక కాదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం మొదటి పాదంలో ఆయనే, విషం ఎక్కిందన్న అనుమానంతోనే మనిషి నిజంగా చచ్చిపోవడాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. అసత్యమైన కారణం సత్యమైన ఫలితాన్ని ఇవ్వగలదని చెప్పడానికే ఆ ఉదాహరణ. 'అంతా మిథ్య' అని చేతులు దులుపుకునేవాళ్లు ఆ పాదం ఒకసారి తిరగేస్తే మంచిది.

మదనపల్లె పేరెత్తి తత్వం మాట్లాడుతూ జిడ్డు కృష్ణమూర్తిని వదిలేయడం కుదరదు. 1895లో ఆ ఊళ్లోనే పుట్టాడు. జగద్గురువుగా నిలబెట్టాలని దివ్యజ్ఞాన సమాజం పెంచి పెద్దచేసిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. ఆయన స్థాపించిన రిషివ్యాలీ స్కూలు ఆ దగ్గర్లోనే ఉంది. 1980ల మొదట్లో, అప్పటికి ఎనభై దాటిన వయసులో, ఆయన కంప్యూటర్ గురించి తన చుట్టూ ఉన్నవాళ్లను గుచ్చి గుచ్చి అడిగేవాడు. జ్ఞాపకం, లెక్క, నేర్చుకోవడం అన్నీ యంత్రమే చేస్తే మనిషికి ఇంకేం మిగులుతుంది అన్నది ఆయన ప్రశ్న. మనిషి బుద్ధి కూడా సంప్రదాయం, జ్ఞాపకం రాసిన ప్రోగ్రామ్ ప్రకారమే నడుస్తోందని ఆయన వాదన. భార్యను భర్త చూడడు, ఆమె గురించి తాను కట్టుకున్న బొమ్మను చూస్తాడు. ఎదుటి వస్తువుకూ చూపుకూ మధ్య పాత జ్ఞాపకం అడ్డొస్తుందన్న ఈ మాటకూ, ప్రాభాకరుల స్మృతి-ప్రత్యక్షాల కలగలుపుకూ దూరం ఎక్కువ లేదు.

రోగ నిర్ణయం దాదాపు ఒకటే, మందు మాత్రం తలకిందులు. పేరు పెట్టకుండా చూడమంటాడు కృష్ణమూర్తి. సి భాషలో ఈ అనర్థాలన్నీ పేరు వదిలేసిన చోటే పుట్టాయి. రెండు రకాల సంఖ్యలు ఎదురైతే అడక్కుండా, చెప్పకుండా ఒకదాన్ని రెండోదిగా మార్చేసే ఉదారత వల్లే ఈ గొడవంతా. పేరు లేని చూపు ఆకాశం చూడ్డానికి, చెట్టును చూడ్డానికి, బహుశా భార్యను చూడ్డానికి కూడా పనికొస్తుంది. మెమొరీ దగ్గర కావలసింది దానికి వ్యతిరేకం. పేరు పెట్టాలి, పెట్టిన పేరు చివరిదాకా చెదరకుండా మోసుకుపోవాలి. వ్యవహారానికి ఒక సత్యం, పరమార్థానికి ఒక సత్యం అని నాగార్జునుడూ శంకరుడూ ఎవరి దారిలో వాళ్లు గీసిన గీత ఇలాంటి చోట అక్కరకొస్తుంది. కృష్ణమూర్తి ఆ గీతను ఎన్నడూ ఇష్టపడలేదు.

తరువాత వచ్చిన భాషల్లో చాలావాటికి ఈ పాఠం అందింది. జావా తన మామూలు పూర్ణసంఖ్యల్లో అన్‌సైన్డ్ ఇంట్‌ను పెట్టనే లేదు. గో, రస్ట్ భాషల్లో ఈ రెండు రకాల సంఖ్యలను అడక్కుండా కలపడం కుదరదు, ప్రోగ్రామర్ నోరు తెరిచి 'దీన్ని దానిగా మార్చు' అని చెప్పాలి. సి ప్లస్ ప్లస్ అంత దూరం పోలేక 2020 ప్రమాణంలో రెండు రకాల సంఖ్యలను వాటి అసలు విలువ ప్రకారం పోల్చే ఫంక్షన్లు విడిగా ఇచ్చింది. అన్నీ అన్‌సైన్డ్ చేసేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దారిలోనే 'సున్నా వరకు కిందికి లెక్కపెట్టు' అన్న లూప్ సున్నా దాటి 429 కోట్లకు ఎగిరి ఎప్పటికీ ఆగదు. మైనస్ రాకూడదంటే అన్‌సైన్డ్ వాడమన్న సలహాను సి ప్లస్ ప్లస్ కోర్ గైడ్‌లైన్స్ వద్దంటాయి. అన్‌సైన్డ్ అని ప్రకటించినంత మాత్రాన మైనస్ రావడం మానదు, వచ్చినట్టు కనిపించడం మానుతుంది.

ఇక హెచ్చరికల సంగతి. సైన్డ్‌నూ అన్‌సైన్డ్‌నూ పోల్చేచోట జీసీసీ కంపైలర్ హెచ్చరించగలదు. ప్రాభాకరుల భాషలో అది తేడాను గుర్తుచేయడం, జారిన చీటీని మళ్లీ అతికించడం. సి ప్లస్ ప్లస్‌లో మామూలు హెచ్చరికల్లోనే అది వస్తుంది, సిలో ఇంకొంచెం అడిగితే వస్తుంది. లినక్స్ కెర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడు మాత్రం దాన్ని మామూలుగా ఆన్ చేయరు. అక్కరలేని చోట్ల కూడా వేలకొద్దీ కేకలు పెడుతుందని కెర్నెల్ వాళ్ల ఫిర్యాదు. అది అన్యాయమైన ఫిర్యాదేమీ కాదు. హెచ్చరిక నోరు మూయించడానికి చాలామంది చేసే పని, సంఖ్య ముందు 'దీన్ని ఫలానా రకంగా మార్చు' అని చెప్పే ఒక క్యాస్ట్ రాసేయడం. కంపైలర్ ఊరుకుంటుంది, బగ్ ఉన్నచోటే ఉంటుంది. చేసిన తప్పేమిటో తెలుసుకోకుండా పురోహితుడు చెప్పిన ప్రాయశ్చిత్తం చేసి లేచిపోయే యజమాని పనిలాంటిదే ఇది. క్యాస్ట్‌లలో చాలా ఆ జాతివే.

కాపలా వరుసకు సరైన మరమ్మతు మరీ మామూలుగా ఉంటుంది. పొడవు నూరు కంటే ఎక్కువా అని అడిగేముందు సున్నా కంటే తక్కువా అని అడగాలి. లేదంటే అది లోపలికి వచ్చిన మొదటి క్షణంలోనే ఒక రకానికి మార్చి, అక్కణ్నుంచి చివరిదాకా ఆ రకంలోనే ఉంచాలి. మొదటి మరమ్మతు నైయాయికుడు మెచ్చేది, తప్పుడు నమ్మకాన్ని నేరుగా కొడుతుంది. రెండోది ప్రాభాకరుడు మెచ్చేది, చీటీ జారే సందు లేకుండా చేస్తుంది.

సికోయాకు లినక్స్ వాళ్లు వేసిన అతుకు ఈ రెండింటిలో ఏదీ కాదు. 2021 జూలైలో వాళ్లు చేర్చినది రెండే వరుసల పరీక్ష: బఫర్ ఒక హద్దు దాటి పెరగబోతే మెమొరీ ఇవ్వొద్దు. ఆ హద్దు ఇంట్‌లో పట్టే సంఖ్యకు లోపలే ఉంటుంది. దారి రాసే ఫంక్షన్‌లోని ఇంట్‌ను ఆ అతుకు ముట్టుకోలేదు. బఫర్ పరిమాణం అన్‌సైన్డ్‌గానే ఉండిపోయింది, ఒకదాన్ని రెండోదిగా అడక్కుండా మార్చడమూ అలాగే ఉంది. ఆ రెండు చదువులు ఒకదానితో ఒకటి విభేదించేంత పెద్ద సంఖ్య మాత్రం ఇక అక్కడిదాకా రాదు. తేడా తెలియకపోవడాన్ని అలాగే ఉంచి, తేడా వచ్చే సందర్భాన్ని మాత్రమే తీసేయడాన్ని దోషం పోవడం అనొచ్చా అన్నది అన్నంభట్టు శిష్యులూ ప్రాభాకరులూ ఒక మధ్యాహ్నమంతా వాదించుకోదగ్గ విషయం.